డాబా మీద గోంగూరకు లక్షా తొమ్మిది వేలు

బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి డాబా మీద మొదటి గోంగూర మొక్క పెట్టింది మా అత్తయ్య. 2016లో. ఇంటికి రంగులు వేయించినప్పుడు మిగిలిన ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు నాలుగు, పాత నూనె డబ్బాలు రెండు, అడుగున మేకుతో చిల్లులు పొడిచి పిట్టగోడ పక్కన వరసగా పెట్టారు. మట్టి ఆవిడ పుట్టిల్లు ప్రత్తిపాడు నుంచి గోనెసంచిలో బస్సెక్కి వచ్చింది. ఉత్త నల్లరేగడి కుండీకి పనికిరాదు. తడిస్తే బంకలా పట్టేస్తుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పక్క సందులో ఎవరో ఇల్లు కడుతుంటే అడిగి రెండు తట్టల ఇసుక తెచ్చి కలిపారు. గోంగూర, తోటకూర విత్తనాలు ఊరివే. కొత్తిమీరకు వంటింటి డబ్బాలోంచి గుప్పెడు ధనియాలు తీసి, నేల మీద పోసి చెక్కతో నలిపి బద్దలు చేసి చల్లారు. ఇక పుదీనా, బజార్లో కొన్న కట్టలోంచి ఆకు దూసేసిన కాడలు గుచ్చితే అదే వచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళు రోజూ పైకెక్కేవి.

ఖర్చు సున్నా. నేను అకౌంట్స్ సెక్షన్లో పనిచేసే మనిషిని, సున్నా అంటే నిజంగా సున్నా అనే చెబుతున్నాను.

అదే డాబా మీద అదే తోటకు 2020 నుంచి 2024 ఆఖరు వరకు నేను పెట్టిన ఖర్చు 1,09,620 రూపాయలు. పుస్తకంలో రాసి ఉంది. ఆఫీసులో పదిమంది లెక్కలు సరిచూసే అలవాటు ఇంట్లో కూడా పోలేదు, పాల లెక్క పక్కన తోట లెక్కకూ ఒక పేజీ పెట్టాను. మొదటి ఏడాది 870 రూపాయలు. తర్వాత 9,400. తర్వాత 23,150. తర్వాత కాస్త తగ్గి 18,300. 2024లో 57,900.

ఇలాంటి లెక్క ఎవరికైనా చూపిస్తే ఒకటే మాట వస్తుంది. మోజు. ఆన్‌లైన్‌లో కనబడిందల్లా కొనేసే జబ్బు. మా ఆయనైతే ఒకరోజు భోజనం దగ్గర నవ్వుతూనే, "నీ హాబీ మొక్కలు కాదు, కొనడం" అన్నారు. ఆ పూట నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులు మాట్లాడలేదు కూడా. మూడో రోజు ఆ పుస్తకం తీసి పద్దులు మళ్ళీ చూశాను, ఆయన మాట తప్పని నిరూపించడానికి. నిరూపించలేకపోయాను. కానీ ఆయన చెప్పింది కూడా పూర్తిగా నిజం కాదని తేలింది.

నాకు కనబడింది ఏమిటంటే, ఐదు వందలు దాటిన పద్దులు మొత్తం 31. వాటిలో 19 మార్చి, సెప్టెంబరు నెలల్లోనే ఉన్నాయి. విత్తనాలు నాటే అదనా అంటే కాదు. మా పనిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, మార్చి 31 లెక్కలు మూసే రోజు, సెప్టెంబరు 30 టాక్స్ ఆడిట్ గడువు. ఆ రెండు నెలలూ నేను ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. డాబా ఎక్కేదే లేదు. పదకొండు గంటలకు మంచం మీద పడుకుని ఫోన్ తీసి, పాపం మొక్కలు ఎలా ఉన్నాయో అనుకుంటూ, వాటికి ఏదో ఒకటి కొనేదాన్ని. నవంబరు, డిసెంబరు, జనవరిలో పేజీలు దాదాపు ఖాళీ. అప్పుడు నేను రోజూ పైన ఉన్నాను.

అంటే తోట దగ్గర ఉన్నప్పుడు నేను ఏమీ కొనలేదు. దూరమైనప్పుడల్లా కొన్నాను. చవక సరదాలు ఖరీదవడానికి కారణం మోజు పెరగడం అంటే నేను ఒప్పుకోను. టైమ్ ఇవ్వలేనప్పుడు దాని బదులు డబ్బు ఇస్తున్నాం.

2020 లాక్‌డౌన్ గుర్తు తెచ్చుకుంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మార్చి 25 నుంచి అందరం ఇంట్లోనే. నేనూ అత్తయ్యా పొద్దున ఆరింటికి డాబా మీద ఉండేవాళ్ళం. ఆ ఏడాది ఆరు బకెట్లు పద్దెనిమిది అయ్యాయి. పగిలిన బకెట్లు, విరిగిన ప్లాస్టిక్ టబ్బు, పిల్లాడి పాత స్నానం తొట్టి. బీర, పొట్ల, చిక్కుడు పాకించాం. ఇంటిల్లిపాదికీ వారానికి మూడు రోజులు కూర అక్కణ్ణించే. 870 రూపాయల్లో 220 వేపనూనెకి, 250 విత్తనాలకి, 400 పందిరికి వెదురు కర్రలు, పురికొసకి. అంతే.

2021 జూన్‌లో అత్తయ్య గుంటూరు వెళ్ళారు, బ్రాడీపేటలో మా ఆడపడుచు ఇంటికి. ఆమెకు చంటిబిడ్డ, ఉద్యోగం. రెండు నెలలని వెళ్ళారు, అక్కడే ఉండిపోయారు. నాకు ఆఫీసు మొదలైంది. ఆ సెప్టెంబరులోనే మొదటి పెద్ద పద్దు పడింది.

ఎందుకు పడిందో చెబుతాను, ఎందుకంటే ఒక వస్తువు ఇంకో వస్తువును ఎలా లాక్కొస్తుందో ఇక్కడ బాగా తెలుస్తుంది. అత్తయ్య ఉన్నప్పుడు ఎండ ఎక్కువైతే బకెట్లను గోనెపట్టా మీద పెట్టి ఈడ్చుకుంటూ మెట్ల గది నీడకు చేర్చేవారు. ఇరవై లీటర్ల బకెట్లో తడిమట్టి నిండితే పాతిక, ముప్ఫై కిలోలు ఉంటుంది. ఆవిడ పదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి, మధ్యలో రెండు కుండీలకొకసారి నడుం పట్టుకుని ఆగుతూ చేసేవారు. నాకు ఆ ఓపికా లేదు, పదింటికి ఇంట్లోనూ ఉండను. అందుకని తేలిగ్గా ఉంటాయని ముప్ఫై గ్రో బ్యాగులు కొన్నాను. బ్యాగులో మట్టి నింపితే మళ్ళీ బరువే కదా, అందుకని కొబ్బరి పొట్టు ఇటుకలు కొన్నాను. కోకోపీట్ అంటారు. ఐదు కిలోల ఇటుకను నీళ్ళలో నానబెడితే ఉబ్బి అరవై లీటర్ల పైనే అవుతుంది, తేలిక, తడి బాగా పట్టి ఉంచుతుంది. చూడటానికి మాయలా ఉంటుంది. కానీ దాంట్లో మొక్కకు తిండి లేదు. పైగా ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు కడిగి పారబోయాలి. తిండి లేదు కాబట్టి వర్మీ కంపోస్టు. అదీ చాలక నెలనెలా పోసే సీసాల మందులు. చేపల ద్రావణమని ఒకటి, సముద్రపు నాచు అని ఒకటి. ప్రత్తిపాడు మట్టి తిండి పెట్టింది, ఇసుక నీళ్ళు ఇంకేలా చేసింది, అత్తయ్య నడుం బరువు మోసింది. ఆ మూడిటికీ నేను విడివిడిగా బిల్లు కట్టాను.

బెజవాడ ఎండ సంగతి వేరే చెప్పాలి. చుట్టూ కొండలు, ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం. పగలంతా కాగిన రాయి రాత్రి తొమ్మిదైనా సెగ కక్కుతూనే ఉంటుంది. ఊరికే బ్లేజ్‌వాడ అని పేరు రాలేదు. టమాటాకు పగలు 35 డిగ్రీలు దాటితే పూత నిలవదు, రాలిపోతుంది. మనకు ఏప్రిల్‌లోనే 40 దాటుతుంది. అత్తయ్య దీనికి కనుక్కున్న ఉపాయం చాలా సులువు. ఎండాకాలం టమాటా పెట్టరు. తోటకూర, బచ్చలి, గోంగూర పెడతారు. వాటికి ఎండంటే లెక్కలేదు. నాకేమో పన్నెండు నెలలూ టమాటా కావాలి. ఎందుకంటే వేరే వాళ్ళ డాబాల ఫొటోల్లో ఉంది. 2022 మార్చిలో సగం ఎండ ఆపే ఆకుపచ్చ షేడ్‌నెట్, దానికి ఇనుప పైపుల చట్రం, వెల్డింగ్ కూలీ, అన్నీ కలిపి 15,500. మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలి వచ్చి ఆ నెట్‌ను పక్కింటి వాటర్ ట్యాంకు మీద కప్పింది. పక్కింటాయన ఏమీ అనలేదు, కిందికి దింపడానికి ఒక నిచ్చెన కూడా ఇచ్చారు. ఆ మంచితనానికి నాకు ఇంకా సిగ్గేసింది.

నెట్ వేసినా టమాటా అంతంతమాత్రమే కాసింది. 2023 జులై వచ్చింది. టమాటా కిలో వంద దాటి, మదనపల్లె మార్కెట్లోనే రెండు వందల దరిదాపులకు వెళ్ళిన నెల. డాబా మీద నావి పద్నాలుగు మొక్కలు, మోకాలెత్తు, ఇంకా పూత దశ. ప్రభుత్వం రైతుబజార్లలో సబ్సిడీ మీద కిలో 50కి అమ్మిస్తే ఆ క్యూలో ఆధార్ కార్డు పట్టుకుని నేనూ నిలబడ్డాను. నా ముందున్నావిడ ఎవరో, "డాబా మీద నాలుగు మొక్కలు వేసుకుంటే ఈ బాధ ఉండదు కదండీ" అంది. అవునండీ అన్నాను. సెప్టెంబరులో మా మొక్కలు విరగకాశాయి. అప్పటికి బజార్లో టమాటా అడిగే దిక్కులేదు.

అన్నిటికంటే నాకు నచ్చి కొన్నదీ, అన్నిటికంటే ఎక్కువ తిట్టుకున్నదీ డ్రిప్ కిట్టు. నల్లటి సన్న గొట్టాలు, ఒక్కో బ్యాగుకూ ఒక్కో చుక్కల మూత, కుళాయికి తగిలించే బ్యాటరీ టైమర్. 4,650. బిగించిన రోజు నేను డాబా మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ముప్ఫై బ్యాగుల్లో చుక్కలు ఒకేసారి పడుతుంటే అరగంట కూర్చుని చూశాను. పొద్దున ఆరింటికి పది నిమిషాలు, సాయంత్రం ఆరింటికి పది నిమిషాలు. ఇక నేను పైకి ఎక్కక్కర్లేదు.

ఎక్కలేదు కూడా. గొడవంతా అక్కడే మొదలైంది.

చెంబుతో నీళ్ళు పోసే మనిషి మొక్క మొహం చూస్తుంది. ఆకు వెనక పిండినల్లి తెల్లగా దూదిపింజలా అంటుకుంటే మొదటి రోజే కనబడుతుంది, పాత టూత్‌బ్రష్‌తో రుద్దేస్తే అయిపోతుంది. టైమర్ నీళ్ళు పోస్తుంది కానీ చూడదు. నేను ఆదివారం ఎక్కేసరికి కాండమంతా తెల్లబడి, చీమలు వరస కట్టి ఉండేవి. అప్పుడు మందు కొనాలి, మందు కొట్టే పంపు కొనాలి. మూతల్లో ఉప్పు పేరుకుని నాలుగు బ్యాగులకు నీళ్ళు అందడం లేదని కూడా ఆ నాలుగు చచ్చిపోయాకే తెలిసింది. ఒకసారి కరెంటు పని చేయడానికి వచ్చిన కుర్రాడు టైమర్ మీట ఏదో నొక్కాడు. మధ్యాహ్నం రెండింటికి తిరిగిందది. నల్ల గొట్టంలో నిలిచిన నీళ్ళు ఆ ఎండకు టీ నీళ్ళలా కాగి ఉంటాయి కదా, వంకాయ నారు మొత్తం ఉడికిపోయింది.

2021 చివర్లో మిరప సంగతి కూడా ఇలాంటిదే. ఆ ఏడాది గుంటూరు వైపు మిరప చేలను కొత్త రకం తామర పురుగు ఊడ్చేసింది. పూతలో దూరి పూతనే తినేసే నల్ల పురుగు. ఎకరాలకు ఎకరాలు పీకేసిన రైతులున్నారు. నా ఆరు మొక్కల్లోనూ ఆకు ముడుచుకుంది. ఆరు మొక్కల బాధ వాళ్ళ బాధ పక్కన పెట్టే పాటిది కాదు, తెలుసు. నేను ఫొటో తీసి ఒక మొక్కల గ్రూపులో పెడితే పదకొండు మంది పదకొండు మందులు చెప్పారు. మూడు కొన్నాను. రెండు వారాలు కొట్టాను. తగ్గక, అత్తయ్యకు ఫోన్ చేశాను.

"ఆకు పైకి ముడుచుకుందా, కిందికా?" అన్నారు.

"చూడలేదత్తయ్యా."

"పైకి ముడిస్తే తామర పురుగు. కిందికి ముడిస్తే నల్లి. చూడకుండా మందెలా కొట్టావమ్మాయ్?"

మా ఇంట్లో ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని డాబా ఎక్కాను. నాలుగు మొక్కలకు కిందికి ముడిచి ఉంది. అంటే నేను నల్లి మొక్కలకు పురుగు మందు కొట్టాను. ఆ మూడు సీసాలూ ఇంకా మెట్ల గదిలో ఉన్నాయి.

ఇక్కడ ఒక లెక్క వేశాను. ఆఫీసు బుద్ధి. అత్తయ్య రోజూ పొద్దున గంటన్నర, సాయంత్రం అరగంట తోటలో ఉండేవారు. రోజుకు రెండు గంటలు, ఏడాదికి 730 గంటలు. గంటకు వంద రూపాయలని వేసుకున్నా 73,000. నేను 2022లో అంత గోల చేసి పెట్టిన ఖర్చు 23,150. అంటే ఆ సున్నా ఖర్చు తోటే మా ఇంట్లో అన్నిటికంటే ఖరీదైన తోట. ఆ ఖరీదు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు, అంతే. ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని చాలావరకు ఇలాగే ఖాతాకెక్కకుండా పోతుంది. ఆవకాయ ఇంట్లో పెట్టుకుంటే చవక అంటాం. ఆ నాలుగు రోజులూ ఎవరి నడుం విరిగిందో అడగం.

ఈ లెక్క నాకు ఎంత బాగా నచ్చిందంటే సంక్రాంతికి అత్తయ్య వచ్చినప్పుడు ఆవిడకే చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు.

"నా పొద్దుకి రేటు కడుతున్నావా?" అన్నారు.

"అది కాదత్తయ్యా, మీ పనికి విలువ..."

"పనేంటి. ఆ రెండు గంటలే నాకు ఇంట్లో ఎవరూ పిలవని టైము. మెట్లెక్కి ఎవరూ రారు. దానికి నువ్వు వంద ఇచ్చేదేంటి, కావాలంటే నేనే నీకిస్తాను."

నాకు మాట రాలేదు. నా లెక్కలో తప్పు లేదు, కానీ దాన్ని నేను ఖర్చు వైపు రాశాను, ఆవిడ జమ వైపు రాసుకున్నారు. ఆ గంటలు తోటకు పెట్టిన ఖర్చు కావు. ఆవిడకు తోట ఇచ్చిన ఫలసాయమే అవి. గోంగూర ఆ పైన కొసరు లాంటిది. నేను టైమర్ కొని మిగుల్చుకున్నానని అనుకున్నది సరిగ్గా ఆ గంటల్నే. మరి మిగిలిన ఆ గంటల్ని నేనేం చేశానంటే, మంచం మీద పడుకుని గ్రో బ్యాగులు చూశాను.

ఈ వాదన అన్ని సరదాలకూ అతకదని నాకు తెలుసు. మా వెనకింటి అమ్మాయి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటోంది. నాలుగు వేల వయొలిన్‌తో మొదలుపెట్టింది. మూడేళ్ళు రోజూ సాధన చేశాక టీచరుగారే, చెయ్యి నిలబడింది, ఇక వాద్యం మార్చమన్నారు. కొత్తది దానికి ఐదింతలు. అది న్యాయమైన ఖర్చు. తంత్రి మీద వేలు ఎక్కడ పడిందో వినబడే చెవి వచ్చాక ఆ పాత వాద్యంతో ఉండలేరు. అక్కడ టైమ్ పెరిగి డబ్బు పెరిగింది. నా దగ్గర టైమ్ తగ్గి డబ్బు పెరిగింది. రెండిటికీ బిల్లు మాత్రం ఒకేలా ఉంటుంది, అందుకే మనల్ని మనం మోసం చేసుకోవడం సులువు. గుంటూరులో ఉండే మా మరిది పన్నెండు వేల సైకిలు మీద రోజూ అమరావతి రోడ్డులో ఇరవై కిలోమీటర్లు తొక్కినన్నాళ్ళూ ఒక వాటర్ బాటిల్ తప్ప ఏమీ కొనలేదు. వానాకాలంలో మానేసి కూర్చున్నప్పుడు జెల్ సీటు, ప్రత్యేకం ప్యాంట్లు, వేగం కొలిచే మీటరు, చివరికి అరవై వేల కొత్త సైకిలు. అది వాళ్ళ హాల్లో ఉంది. చాలా బాగుంది, తువ్వాళ్ళు ఆరేస్తున్నారు.

చదరంగం కూడా చవక ఆట అంటారు. బల్లా, ముప్ఫై రెండు పావులూ, అంతేగా అంటారు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. మన వైపు పిల్లల్ని చెస్ క్లాసుల్లో చేర్పించే ప్రతి తల్లీ తండ్రీ ఆ పేరే చెబుతారు. కానీ కెమిస్ట్రీ చెప్పుకునే వాళ్ళ నాన్న అశోక్ గారు తనే కోచ్‌గా కూతురి పక్కన కూర్చున్న సంగతి చెప్పరు. తను కూర్చోలేని తండ్రి ఆ చోటికి నెలకు మూడు వేల క్లాసు కొంటాడు. తప్పేమీ లేదు, ఉద్యోగాలు అలా ఉన్నాయి. కానీ ఆట ఖరీదైపోయిందని మాత్రం అనకూడదు.

పెట్టుబడి లేని సాగు గురించి కూడా ఒక మాట. సుభాష్ పాలేకర్ గారి పద్ధతి మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వమే రైతు సాధికార సంస్థ ద్వారా ప్రచారం చేసింది. అందులో నేలకు పోసే జీవామృతం లెక్క నాకు నోటికి వచ్చు. ఎకరానికి రెండు వందల లీటర్ల నీళ్ళు, పది కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఆవు ఉన్న రైతుకు ఇది దాదాపు ఉచితం. మా వీధిలో ఆవు లేదు. నేను పేడ కోసం ఆటో కట్టించుకుని వెళ్ళి వచ్చాను, మూత్రం సీసాలో కొన్నాను, శనగపిండి కొన్నాను. కలిపి నీడన పెడితే మూడో రోజుకు ఆ వాసనకు కింద వాటాలో అద్దెకున్నవాళ్ళు వచ్చి, ఆంటీ, డ్రైనేజీ ఏమైనా పగిలిందా అని అడిగారు.

ఇక పెద్ద పద్దు. 2024 ఆగస్టు 31న మొదలైన వాన. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగిన వాన. అక్కడ జనం డాబాల మీద కూర్చుని పాలప్యాకెట్ కోసం, తాగేనీళ్ళ కోసం పడవ ఎప్పుడొస్తుందా అని చూస్తున్న రోజుల్లో నేను మా హాల్లో సీలింగ్ మరక చూసి బాధపడ్డానని రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ లెక్క లెక్కే. గ్రో బ్యాగుల వరస సరిగ్గా ఎక్కడుందో దాని కిందే సీలింగ్ చెమ్మగిల్లి, పెచ్చు ఊడి, టీవీ మీద పడింది.

ఇంజినీరు వచ్చి చూశారు. ఆయన చెప్పింది నేను ముందే తెలుసుకోవాల్సిన విషయం. మనుషులు తిరిగే డాబాను మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల బరువుకు లెక్క వేస్తారు. తడిసిన పెద్ద కుండీలు ఒక మీటరు చోటులో ఐదారు కిక్కిరిస్తే ఆ లెక్క అక్కడితో సరి. అత్తయ్య బకెట్లన్నీ పిట్టగోడ వెంట ఉండేవి, అంటే కింద గోడ ఉన్నచోట. నావి ఫొటోకు బాగుంటుందని డాబా మధ్యలో. పైగా బ్యాగులు నేలకు ఆనించి పెట్టడంతో అడుగున తడి ఎప్పుడూ ఆరలేదు. నాలుగు వేలు పెట్టి కొన్న ఇనుప స్టాండ్లు చెంబులు, మందు సీసాలు పెట్టుకోవడానికి వాడుకున్నాను. పగుళ్ళు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, పైన మళ్ళీ వాలు సరిచేసి గచ్చు వేయడానికి 48,000.

వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు తోట ఖాతాలో రాయాలా, ఇంటి ఖాతాలో రాయాలా అని మా ఇద్దరికీ చర్చ జరిగింది. పాత ఇల్లు, ఎలాగూ చేయించాల్సిందే, ఇంటి ఖాతాలో వేసెయ్యి అని మా ఆయనే అన్నారు, పాపం. నేనే ఒప్పుకోలేదు. ఆడిటర్ల దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేశాక అలాంటి సర్దుబాట్లు చెయ్యి రాదు.

ఇప్పుడు పిట్టగోడ వెంట స్టాండ్ల మీద పందొమ్మిది కుండీలు ఉన్నాయి. కోకోపీట్ మానేశాను, ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొంచెం ఇసుక. టైమర్ విప్పేశాను. మూడురోజులు ఊరెళ్తే మాత్రం కింద వాటా అమ్మాయి పోస్తుంది, ఆమెకు తోటకూర. పొద్దున ఆరు నుంచి ఆరూ ఇరవై వరకు నేను పైన ఉంటాను. అత్తయ్య గంటన్నర నాకు కుదరదు. ఇరవై నిమిషాలకు ఎన్ని మొక్కలు సరిపోతాయో అన్నే ఉంచాను, అదీ ముందు ముప్ఫై పెట్టి, చూడలేక పదకొండు పంచిపెట్టాక తేలిన సంఖ్య. ఎండాకాలం టమాటా పెట్టలేదు. 2025లో డిసెంబరు దాకా పుస్తకంలో పడింది 1,140 రూపాయలు, అందులో ఎరువు బస్తాలే సగం.

మొన్న మార్చి వచ్చింది. లెక్కలు మూసే వారం. ఐదు రోజులు వరసగా నేను డాబా ఎక్కలేదు. ఆరో రోజు రాత్రి పదకొండుకు ఫోన్‌లో అడుగున నీళ్ళ తొట్టి ఉండే కుండీలు కనబడ్డాయి, వారానికొకసారి నింపితే చాలట. ఆరు కుండీల సెట్ 2,799. కార్ట్‌లో వేశాను. కొనలేదు, తీసెయ్యనూ లేదు. నిన్న ధర రెండు వందలు తగ్గిందని మెసేజ్ వచ్చింది.